మూలకణాలకు అర్ధరాత్రి మేత: తిరుపతి ల్యాబ్ నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

జనవరి

మా ల్యాబులో మేక కొవ్వు నుంచి తీసిన మెసెంకైమల్ మూలకణాలను, అంటే ఎముక, కొవ్వు, మృదులాస్థి కణాలుగా మారగల కణాలను, పెంచుతాం. గడ్డకట్టించి దాచిన ఒకే వయల్ నుంచి కరిగించిన కణాలు, ఒకే సీసాలోని మీడియం (కణాలకు ఆహారమయ్యే ద్రవం), ఒకే ఇన్‌క్యుబేటర్ (కణాలను వెచ్చగా ఉంచే పెట్టె). అయినా నా ఫ్లాస్కుకీ జూనియర్ ఫ్లాస్కుకీ తేడా వస్తూనే ఉంటుంది. ఒకదాంట్లో కణాలు సన్నగా, కదురు ఆకారంలో, ఒకదాని పక్కన ఒకటి వరుసగా సర్దుకుంటాయి. ఇంకోదాంట్లో వెడల్పుగా చదునుగా పరుచుకుని, విభజన నెమ్మదిస్తుంది. కణాలు ఒకటే కాబట్టి తేడా మా చేతుల నుంచే రావాలి. ఒకరు మీడియం పొద్దున మారుస్తారు, ఒకరు సాయంత్రం. ఒకరు ట్రిప్సిన్‌ను (కణాలను అడుగు నుంచి ఊడదీసే ఎంజైమ్) మూడు నిమిషాలు ఉంచుతారు, ఒకరు ఐదు. ఒకరు ఫ్లాస్కును హుడ్ (శుభ్రమైన గాలి వీచే బల్ల) కింద త్వరగా పని ముగించి లోపల పెట్టేస్తారు, ఒకరి ఫ్లాస్కు బయటే చల్లారుతుంది. వీటిలో ఏదీ తప్పు అనలేం. కానీ రేపు ఏదో మందు వల్ల కణాల్లో మార్పు వచ్చిందని రాయాలంటే, ఆ మార్పు మందుదా, చేతిదా అన్నది తేల్చలేకపోతే ఆ రాతకు విలువ ఉండదు.

అందుకే ఈ ప్రాజెక్టు. కణాలను చిన్న చిప్పులోకి (సన్నటి కాలువలు, గదులు ఉన్న పలకలోకి) మార్చి, మీడియం మార్చే పనిని యంత్రానికి అప్పగించాలి. పగలూ రాత్రీ ఒకే కొలత, ఒకే వేగం.

ఆలోచన కొత్తదేమీ కాదు. రబ్బరు లాంటి పారదర్శక సిలికోన్‌లో సన్నటి కాలువలు పోతపోసే పద్ధతిని 1990ల్లో హార్వర్డ్‌లో జార్జ్ వైట్‌సైడ్స్ బృందం అందరికీ అందుబాటులోకి తెచ్చింది. 2000లో స్టీఫెన్ క్వేక్ బృందం ఆ సిలికోన్‌లోనే గాలి ఒత్తిడితో మూసుకునే వాల్వులు చేసి చూపించింది. 2007లో గోమెజ్-స్యోబెర్గ్, క్వేక్ తదితరులు 96 గదుల చిప్పులో మనిషి మెసెంకైమల్ మూలకణాలను పూర్తిగా కంప్యూటర్ ఆధీనంలో పెంచారు. దారి తెలుసు. తిరుపతిలో, మాకున్న సామాను, మాకున్న కరెంటు, మాకున్న ఎండలతో ఆ దారిలో ఎంత దూరం వెళ్లగలమన్నదే మా ప్రశ్న.

మేక కణాలే ఎందుకని చాలామంది అడుగుతున్నారు. మనిషి కణాలతో పనిచేయాలంటే ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం) కలిసి 2017లో ఇచ్చిన జాతీయ మార్గదర్శకాల ప్రకారం సంస్థలోని మూలకణ కమిటీ, ఎథిక్స్ కమిటీ రెండూ ఒప్పుకోవాలి, దాత రాతపూర్వకంగా సమ్మతించాలి. అవి ఉండాల్సిన నియమాలే. పరికరం పనిచేస్తుందో లేదో ఇంకా తెలియనప్పుడు మూలకణాల కోసం ఒక తల్లి నమ్మి ఇచ్చిన బొడ్డుతాడును అందులో పెట్టడం నాకు సరిగా అనిపించలేదు. మేక కొవ్వయితే పొద్దున్నే మాంసం కొట్టు దగ్గరికి ఐస్ బాక్సుతో వెళ్తే దొరుకుతుంది. కొట్టు అన్నకు విషయం చెప్పాక, "ప్రయోగానికా అక్కా, అయితే శుభ్రమైన చోట కోసి ఇస్తా" అని కడుపు లోపలి కొవ్వు విడిగా తీసి పెడుతున్నాడు. దాన్ని యాంటీబయాటిక్స్ కలిపిన పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంలో కడిగి, సన్నగా తరిగి, కొలాజినేజ్ అనే ఎంజైమ్‌లో 37 డిగ్రీల దగ్గర ఒక గంట కరిగించి, వడకట్టి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే అడుగున చిన్న ముద్ద మిగులుతుంది. ఫ్లాస్కు అడుగుకు అతుక్కున్నవే మనకు కావాలి. అతుక్కోనివి మొదటి కడుగులోనే పోతాయి.

జనవరి చివర

చిప్పు కొలతలు వేసుకున్నాం. ఒక్కో గది 4 మిల్లీమీటర్ల వెడల్పు, 15 మిల్లీమీటర్ల పొడవు, పావు మిల్లీమీటరు ఎత్తు. పట్టేది 15 మైక్రోలీటర్లు. చిప్పుకు అలాంటివి నాలుగు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ప్రాజెక్టు మొత్తం ఈ లెక్క మీదే నిలబడింది. 25 చదరపు సెంటీమీటర్ల ఫ్లాస్కులో 5 మిల్లీలీటర్ల మీడియం పోస్తాం. అంటే కణాల మీద మీడియం లోతు 2 మిల్లీమీటర్లు. మా గదిలో లోతు పావు మిల్లీమీటరే. ఒక్కో కణానికి దక్కే ఆహారం ఎనిమిదో వంతు. ఫ్లాస్కులో రెండు రోజులకోసారి మీడియం మారిస్తే సరిపోతుందనుకుంటే, చిప్పులో ఆరు గంటలకోసారి మార్చాలి. పొద్దున ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, అర్ధరాత్రి పన్నెండు. ఇది మనిషి చేయగలిగే పని కాదు, చేసినా రోజూ ఒకేలా చేయలేడు. చిప్పు, పంపు రెండూ కలిసే రావాలని మా ల్యాబు మేడంతో వాదించడానికి నాకు ఈ లెక్కే ఉపయోగపడింది. మొదట చిప్పు చేసుకుని పిపెట్‌తో నడుపుదాం, పంపు వచ్చే ఏడాది చూద్దాం అన్నది ఆవిడ ఆలోచన. లెక్క చూశాక సరే అన్నారు.

మా జిల్లా మామిడి రైతుకు ఈ తేడా వెంటనే అర్థమవుతుంది. ఫ్లాస్కు కాలువ కట్టి తోట తడపడం లాంటిది. చిప్పు డ్రిప్పు. డ్రిప్పులో నీళ్లు తక్కువ పడతాయి, కానీ టైమర్ ఆగితే చెట్టు త్వరగా వాడుతుంది.

ఫిబ్రవరి

అచ్చు పని. సిలికాన్ వేఫర్ మీద ఫోటోరెసిస్ట్‌తో (కాంతికి మారే పూతతో) చేయాలంటే క్లీన్‌రూమ్ (దుమ్ములేని గది) కావాలి. పావు మిల్లీమీటరు ఎత్తుకు అంత సున్నితం అక్కర్లేదని రెసిన్ 3డీ ప్రింటర్‌తో అచ్చు తీయించాం. దాని మీద పీడీఎంఎస్, అంటే ముందు చెప్పిన పారదర్శక సిలికోన్, పోయాలి. ఇది రెండు భాగాలుగా వస్తుంది. బేస్ పది పాళ్లు, గట్టిపరిచేది ఒక పాలు, బరువు తూచి కలిపి, బుడగలు పోయేదాకా డెసికేటర్‌లో వ్యాక్యూమ్ పెట్టి, 65 డిగ్రీల అవెన్‌లో కొన్ని గంటలు ఉంచితే మెత్తటి అద్దం లాంటి ముక్క వస్తుంది.

రెసిన్ అచ్చుతో వచ్చే చిక్కు ఒకటుంది. పీడీఎంఎస్ గట్టిపడటానికి అందులోని ప్లాటినం ఉత్ప్రేరకం కారణం. సరిగా ఎండని రెసిన్ నుంచి వచ్చే పదార్థాలు ఆ ప్లాటినాన్ని పనిచేయనివ్వవు. ముక్క పైన గట్టిగానే ఉంటుంది. అచ్చుకు తగిలిన వైపు మాత్రం జిగటగా మిగులుతుంది, అంటే సరిగ్గా కాలువలు ఉండాల్సిన చోటే. అచ్చును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, యూవీ కింద బాగా ఎండబెట్టి, అవెన్‌లో రాత్రంతా వేడి చేస్తే ఆ జిగట పోతుంది. గంధకం కూడా అదే పని చేస్తుంది కాబట్టి లేటెక్స్ గ్లోవ్స్ వేసుకుని అచ్చును ముట్టుకోకూడదు. నైట్రైల్ గ్లోవ్సే వాడాలి. ఈ సంగతి ప్రోటోకాల్‌లో ఏదో మూల ఒక్క వాక్యంగా ఉంటుంది. ల్యాబులో దాన్ని గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించాం.

గాజుకు అతికించడం తేలిక. ప్లాస్మా (విద్యుదావేశం పొందిన వాయువు) తగిలించిన పీడీఎంఎస్, గాజు రెండిటినీ ముఖాముఖీ పెడితే కొన్ని నిమిషాల్లో విడదీయలేనట్టు అతుక్కుంటాయి. ప్లాస్మా తర్వాత ఉపరితలం నీటిని ఇష్టపడుతుంది. తర్వాత మెల్లగా ఆ గుణం పోతుంది. అందుకని అతికించిన వెంటనే నీళ్లతో నింపేయాలి.

క్వేక్ తరహా లోపలి వాల్వులు వద్దనుకున్నాం. వాటికి రెండు పొరలు సూక్ష్మంగా ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి, గాలి కంప్రెసర్ కావాలి. మా అవసరానికి బయట గొట్టాన్ని నొక్కే పించ్ వాల్వులు చాలు.

మార్చి మొదట్లో

సిరంజిని మోటారుతో తోసే పంపు మేమే కట్టాం. స్టెప్పర్ మోటారు (అడుగు అడుగుగా తిరిగేది), దాని డ్రైవర్, దాన్ని నడిపే ఆర్డువినో బోర్డు, లిమిట్ స్విచ్, ఇనుప రాడ్లు. సామాను కొంత చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి వచ్చింది, కొంత ఇక్కడే దొరికింది. మోటారుకు మామూలుగా కట్టే లెడ్ స్క్రూ (మరల కడ్డీ) ఒక చుట్టుకు 8 మిల్లీమీటర్లు జరుపుతుంది. మైక్రోస్టెప్పింగ్‌తో చుట్టును 3,200 అడుగులుగా విడగొట్టినా ఒక అడుగుకు 2.5 మైక్రాన్లు. 1 మిల్లీలీటరు సిరంజిలో అది సుమారు 0.04 మైక్రోలీటరు. కాగితం మీద సరిపోతుంది. కానీ మైక్రోస్టెప్పులు బరువు మీద సమానంగా పడవు, ప్రవాహం కుదుపులతో వస్తుంది. దాని బదులు ఎం5 మరల రాడ్ వేశాం. చుట్టుకు 0.8 మిల్లీమీటరే జరుగుతుంది కాబట్టి అడుగు పది రెట్లు చిన్నదైంది. కదలిక నెమ్మది, మాకు కావాల్సిందీ అదే.

కొలత సరిచూడటం సూటి పని. పంపు వదిలిన నీటిని మూత ఉన్న చిన్న గొట్టంలో పట్టి తూచడమే. ఒక మైక్రోలీటరు నీరు దాదాపు ఒక మిల్లీగ్రాము. మూత లేకుండా తూస్తే ఈ ఎండకి తూచేలోపే బరువు తగ్గుతుంది.

ఒక్కో విడతకు ఒక్కో గదికి 30 మైక్రోలీటర్లు, అంటే గది పట్టేదానికి రెట్టింపు. ఇంత చిన్న కాలువల్లో నీళ్లు సుడులు తిరగవు, పొరలు పొరలుగా జారతాయి. మూలల్లో పాత మీడియం నిలబడిపోతుంది కాబట్టి సరిగ్గా 15 పంపితే కొంత పాతదే మిగిలిపోతుంది. వేగం నిమిషానికి 10 మైక్రోలీటర్లు. ఆ వేగంలో కణాల మీద పడే రాపిడి ఎంతో ముందే లెక్కేశాం. చిక్కదనం, ప్రవాహం గుణించి, దాన్ని ఆరు రెట్లు చేసి, వెడల్పుతోనూ ఎత్తు వర్గంతోనూ భాగించాలి. వచ్చింది 0.003 పాస్కల్. మూలకణాలను ఎముక వైపు మళ్లించడానికి 1 పాస్కల్ స్థాయి రాపిడి పెట్టి చేసిన ప్రయోగాలున్నాయి. మాది దానికి వందల వంతులు తక్కువ. ఇక్కడ ఎత్తు మీద కన్నేసి ఉంచాలి. అచ్చు సగం ఎత్తుకు తగ్గితే అదే ప్రవాహంలో రాపిడి నాలుగు రెట్లవుతుంది. ప్రతి అచ్చు ఎత్తును కొలిచి రాసుకుంటున్నాం.

నాలుగు గదులకూ ఒకే పంపు. గొట్టాన్ని నాలుగుగా చీల్చి వదిలేస్తే నీళ్లు తేలికైన దారి చూసుకుంటాయి. ఒక గదిలో చిన్న బుడగ ఇరుక్కుంటే ఆ గది పస్తు. అందుకే ఒక్కో గది బయటికి వెళ్లే గొట్టానికి ఒక వాల్వు పెట్టి, ఒకసారికి ఒక్కటే తెరిచేలా రాశాం. ఏ గదికి ఎంత వెళ్లిందో పంపుకు కచ్చితంగా తెలుస్తుంది. వాల్వులు, మోటారు, బోర్డు అన్నీ ఇన్‌క్యుబేటర్ బయటే. లోపలి తేమకు ఎలక్ట్రానిక్స్ తట్టుకోవు.

మార్చి చివర: గాలి

ఇప్పటిదాకా రాసిందంతా ఒక ఎత్తు, బుడగలు ఒక ఎత్తు.

మీడియం సీసా 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంటుంది. బయటే ఉంచితే అందులోని గ్లుటమిన్ అనే పోషకం విరిగి అమోనియా అవుతుంది. ఫ్రిజ్ నుంచి గొట్టం ఇన్‌క్యుబేటర్ వెనక రంధ్రం గుండా లోపలికి వెళ్లి 37 డిగ్రీల దగ్గర చిప్పులోకి చేరుతుంది. చల్లటి నీటిలో గాలి ఎక్కువ కరుగుతుంది, వేడెక్కితే బయటికి వస్తుంది. ఆ గాలి బయటపడే చోటు సరిగ్గా కణాల నెత్తిన. బుడగ గది గుండా జారితే దాని అంచున ఉండే తలతన్యత కణాలను అడుగు నుంచి ఒలిచేస్తుంది. సూక్ష్మదర్శినిలో చూస్తే బుడగ నడిచిన దారి ఖాళీ చారగా కనిపిస్తుంది. అటూ ఇటూ కణాలు బాగానే ఉంటాయి.

రెండో చిక్కు రంగులో కనబడింది. మీడియంలో ఫీనాల్ రెడ్ ఉంటుంది. పీహెచ్ సరిగా ఉన్నప్పుడు ఎరుపు, ఆమ్లమైతే పసుపు, క్షారమైతే ఊదా గులాబీ. బైకార్బొనేట్ మీడియంకు 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలి కావాలి. బయట గొట్టంలో ప్రయాణిస్తూ ఆ వాయువును పోగొట్టుకుని, చిప్పు దగ్గరికి గులాబీ రంగులో చేరుతోంది.

రెంటికీ ఒకే మందు దొరికింది. అర మిల్లీమీటరు లోపలి వ్యాసం ఉన్న సిలికోన్ గొట్టాన్ని ఒక మీటరు తీసుకుని చుట్టలా చుట్టి, ఇన్‌క్యుబేటర్ లోపల చిప్పుకు ముందు పెట్టాం. సిలికోన్ గుండా వాయువులు అటూ ఇటూ వెళ్తాయి. చుట్టలో ఉన్నంతసేపు మీడియం వేడెక్కుతుంది, కార్బన్ డయాక్సైడ్ తిరిగి తీసుకుంటుంది, ఎక్కువైన గాలి అక్కడే బయటపడుతుంది. ఆ పొడవు గొట్టంలో 196 మైక్రోలీటర్లు పడతాయి. ఒక విడతకు నాలుగు గదులకూ కలిపి కావాల్సింది 120. అంటే తర్వాతి విడత మీడియం ఆరు గంటల ముందే లోపలికి చేరి సిద్ధంగా ఉంటుంది. చుట్ట తర్వాత నిలువుగా నిలబెట్టిన చిన్న బుడగల గది. ప్రవేశం, నిష్క్రమణ రెండూ అడుగునే. బుడగ పైకి తేలి అక్కడే ఆగి, పీడీఎంఎస్ పైకప్పు గుండా మెల్లగా ఇంకిపోతుంది.

ఖాళీ చిప్పును మొదటిసారి నింపేటప్పుడు మూలల్లో చిక్కుకునే బుడగలకు వేరే ఉపాయం ఉంది, ఈ రంగంలో అందరూ వాడేదే. నింపే ముందు చిప్పులోకి కార్బన్ డయాక్సైడ్ పట్టించాలి. మామూలు గాలి కంటే అది నీటిలో చాలా త్వరగా కరుగుతుంది, కాబట్టి మూలల్లో ఇరుక్కున్నా కాసేపట్లో మాయమవుతుంది. ఇన్‌క్యుబేటర్‌కు సిలిండర్ ఎలాగూ ఉంది. జూనియర్ మొదటిసారి చూసి, "అక్కా, బుడగ చూస్తుండగానే కుంచించుకుపోతోంది" అని మైక్రోస్కోప్ దగ్గరికి అందరినీ పిలిచింది.

ఏప్రిల్: నీరు

గాలి బెడద తగ్గాక నీటి బెడద. పీడీఎంఎస్ గుండా నీటి ఆవిరి కూడా వెళ్తుంది. ఫ్లాస్కులో కొన్ని మైక్రోలీటర్లు పోతే ఎవరికీ తెలియదు. 15 మైక్రోలీటర్ల గదిలో ఒకటిన్నర పోతే పదో వంతు పోయినట్టే. మీడియం ఆస్మొలాలిటీ (కరిగిన పదార్థాల గాఢత) మామూలుగా 300 దరిదాపుల్లో ఉంటుంది. పది శాతం నీరు తగ్గితే అది 333 అవుతుంది. నీరు ఇంకా తగ్గేకొద్దీ కణాలు ముడుచుకుని విభజన నెమ్మదిస్తుంది. ఇన్‌క్యుబేటర్ లోపల తేమ ఉన్నా తలుపు తెరిచిన ప్రతిసారీ బయటి పొడిగాలి లోపలికొస్తుంది. ఏప్రిల్లో ఆ గాలి ఎలా ఉంటుందో తిరుపతి వాళ్లకు చెప్పనక్కర్లేదు.

చిప్పును ముందు రాత్రి పీబీఎస్‌లో నానబెట్టడం మొదలుపెట్టాం. తడి పీల్చుకున్న పీడీఎంఎస్ గదిలోని నీటిని లాగదు. చిప్పు పైభాగంలోనే, గదుల మీద, నీళ్లు నిండిన ఒక తొట్టి పోతపోశాం. ఆవిరయ్యేది ఆ తొట్టి నీరు, గదిలోది కాదు. చిప్పు, చుట్ట రెండూ తడి దూది పెట్టిన మూత డబ్బాలో ఉంటాయి. విడతకు విడతకు మధ్య గదిలో ఉన్న మీడియం రంగు, కణాల ఆకారం ఇప్పుడు నిలకడగా ఉన్నాయి.

ఎండాకాలం ఇంకో విషయం నేర్పింది. ఇన్‌క్యుబేటర్ వేడి చేయగలదు, చల్లార్చలేదు. గది ఉష్ణోగ్రత 37 కంటే కనీసం కొన్ని డిగ్రీలు తక్కువగా ఉంటేనే అది 37 దగ్గర నిలబడుతుంది. మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగితే, యూపీఎస్ మీద ఇన్‌క్యుబేటర్ నడుస్తున్నా, గది వేడికి లోపల 37 దాటిపోతుంది. అందుకే యూపీఎస్ ఒక్కటే చాలదు. ఆ గదికి ఏసీని జనరేటర్ లైనుకు కలపమని అడిగాం, కలిపారు. పెద్ద పెద్ద ల్యాబుల పద్ధతుల్లో ఈ మాట ఎక్కడా ఉండదు, వాళ్లకు ఆ అవసరం రాదు. మన దగ్గర ఇలాంటిది కట్టాలనుకునే వాళ్లు చిప్పు కంటే ముందు గదిని చూసుకోవాలి.

మే, గంగ జాతర వారం

తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఊరంతా వేషాలు, డప్పులు. ల్యాబులో సగం మంది సెలవు. మామూలుగా ఇలాంటి వారంలో కణాలను ఫ్రీజ్ చేసేస్తాం, లేదా ఎవరో ఒకరు పండగ వదులుకుని వస్తారు. ఈసారి చిప్పును వదిలి వెళ్దామని నిర్ణయించాం. పక్కనే అదే బ్యాచ్ కణాలతో ఒక ఫ్లాస్కు, దానికి నేను చేత్తో మీడియం మార్చాలి.

గాజు అడుగుకు ముందు 0.1 శాతం జెలటిన్ పూత. చదరపు సెంటీమీటరుకు 5,000 చొప్పున, ఒక్కో గదికి 3,000 కణాలు. ఎక్కించాక రాత్రంతా ప్రవాహం లేదు, అవి అతుక్కోవాలి. తెల్లారాక పంపు మొదలు.

కరెంటు పోతుందని తెలుసు కాబట్టి ప్రోగ్రాం ముందే అలా రాసుకున్నాం. బోర్డుకు బటన్ బ్యాటరీతో నడిచే గడియారం ఉంది. ప్రతి విడత అయ్యాక ఏ గదికి, ఏ సమయానికి, పిస్టన్ ఎక్కడుందో చెరగని మెమరీలో రాస్తుంది. కరెంటు తిరిగి రాగానే మొదటినుంచి మొదలుపెట్టదు, ఏ విడత తప్పిందో చూసుకుని అదొక్కటి ఇస్తుంది. యూపీఎస్ కూడా చేతులెత్తేసిన రాత్రి ఒకటి వచ్చింది. మర్నాడు లాగ్ చూస్తే అర్ధరాత్రి విడత ఆలస్యంగా, కానీ పూర్తిగా వెళ్లింది. ఆ వరుస చదువుతున్నప్పుడు కలిగిన సంతోషం మాటల్లో పెట్టడం కష్టం.

జాతర ముగిశాక చూస్తే నాలుగు గదుల్లో మూడు నిండుగా ఉన్నాయి. కదురు ఆకారం చెక్కుచెదరలేదు. మూడో గదిలో ఒక పక్క ఖాళీ చార ఉంది. బుడగల గది నిండిపోయి ఒకటి దాటి వచ్చిందన్నమాట. ఆ బుడగల గది పరిమాణం పెంచి కొత్తది పోశాం. మూడు గదుల మధ్య పోలిక మాత్రం నన్ను ఆకట్టుకుంది. ఒకదానికొకటి అంత దగ్గరగా ఉన్న మూడు ఫ్లాస్కులను నేను చేత్తో ఎప్పుడూ పెంచలేదు.

జూన్

చూపు సంగతి. ప్రతిసారీ చిప్పును బయటికి తీసి మైక్రోస్కోప్ కింద పెడితే యంత్రం పెట్టిన ప్రయోజనం పోతుంది. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు కెమెరాకు లెన్సు తిప్పి బిగించి డబ్బాలో చిప్పు కింద పెట్టాం. బోర్డు మాత్రం బయటే, దాని వేడి లోపలికి రాకూడదు. కణాలు పారదర్శకం కాబట్టి నేరుగా వెలుగు వేస్తే దాదాపు కనబడవు. ఎల్ఈడీని పక్కకు జరిపి ఏటవాలుగా వేస్తే అంచులు తేలతాయి. ఎర్ర ఎల్ఈడీయే వాడాలి. నీలి కాంతికి మీడియంలోని రైబోఫ్లావిన్ అనే విటమిన్ నుంచి పెరాక్సైడ్ పుట్టి కణాలను దెబ్బతీస్తుంది. ఫోటో తీసే క్షణం మాత్రమే వెలుగు.

గది ఎంత నిండిందో కంప్యూటరే చెబుతుంది. ఖాళీ గాజు ఉన్నచోట ఫోటో చదునుగా ఉంటుంది, కణం ఉన్నచోట వెలుగునీడలు మారుతుంటాయి. ఆ మార్పు ఎంత ఉందో చిన్న చిన్న గళ్లలో కొలిస్తే నిండిన భాగం వస్తుంది. పైథాన్‌లో కొన్ని వరుసల పని. కంటితో "డెబ్బై శాతం ఉంటుందేమో" అనుకునే మాటకు ఇప్పుడు ఒక అంకె ఉంది, అది మనిషిని బట్టి మారదు.

బయటికి వచ్చే వాడిన మీడియం మీద ఇంకో ప్రయత్నం. మేం వాడేది తక్కువ గ్లూకోజ్ మీడియం, లీటరుకు 1 గ్రాము, అంటే డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములు. ఇంట్లో షుగర్ చూసుకునే గ్లూకోమీటరు కొలిచే పరిధిలోనే ఉంది. అది రక్తం కోసం చేసింది కాబట్టి అంకెను నేరుగా నమ్మకూడదు. తెలిసిన గాఢతలతో మీడియం చేసి, మీటరు చూపే అంకెలతో ఒక గీత గీసుకుని, దాని ప్రకారం సరిచేసుకుంటున్నాం. కణాలు పెరిగేకొద్దీ గ్లూకోజ్ తగ్గడం గీతలో కనబడుతోంది. రేపు ఆరు గంటల లెక్కను గ్లూకోజ్‌కు అప్పగించవచ్చు. తక్కువైనప్పుడే తినిపించడం.

ఇవి ఇంకా మూలకణాలేనా అన్నది అసలు పరీక్ష. మెసెంకైమల్ మూలకణాలన్న పేరు 1991లో ఆర్నాల్డ్ క్యాప్లన్ వాడుకలోకి తెచ్చారు. వాటిని గుర్తించే కనీస నియమాలను 2006లో అంతర్జాతీయ కణ చికిత్స సంఘం ఇచ్చింది. ప్లాస్టిక్‌కు అతుక్కోవాలి, పైపొర మీద సీడీ105, సీడీ73, సీడీ90 అనే ప్రోటీన్లు ఉండాలి, ఎముక, కొవ్వు, మృదులాస్థి కణాలుగా మారగలగాలి. ఆ గుర్తులు మనిషి కణాల కోసం చెప్పినవి. మేక కణాలకు ఆ యాంటీబాడీలన్నీ పట్టవు కాబట్టి మేం మారే శక్తి మీదే ఆధారపడ్డాం. చిప్పు నుంచి తీసిన కణాలను మామూలు ప్లేటులో పెట్టి ఎముక మీడియం ఇస్తే కాల్షియంను చూపే అలిజరిన్ రెడ్‌కు ఎర్రగా రంగెక్కాయి. కొవ్వు మీడియంలో ఆయిల్ రెడ్ ఓ అనే రంగు కొవ్వు బొట్లకు పట్టింది. మృదులాస్థి పరీక్ష ఇంకా నడుస్తోంది.

ఈ మార్పిడి పరీక్షను చిప్పులోనే చేయకపోవడానికి కారణం ఉంది. నీటికంటే నూనెలో తేలిగ్గా కరిగే చిన్న అణువులను పీడీఎంఎస్ తనలోకి పీల్చేసుకుంటుంది. ఎముక మీడియంలో అలాంటి అణువే, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, ఉంటుంది. పోసినంత కణాలకు చేరిందని చూపించలేనప్పుడు ఆ ఫలితం చెల్లదు. మందులు పరీక్షించే దశ వస్తే వేరే ప్లాస్టిక్ చిప్పుకు మారాల్సిందే.

జులై

ల్యాబుకు వచ్చినవాళ్లు చిప్పు చూసి, దీంతో రోగులకు కణాలు తయారుచేయొచ్చా అని అడుగుతున్నారు. చేయలేం. చికిత్స ప్రయోగాల్లో శరీర బరువు కిలోకు పది లక్షల నుంచి ఇరవై లక్షల కణాలు వాడటం మామూలు. 60 కిలోల మనిషికి ఆరు నుంచి పన్నెండు కోట్లు. మా గది నిండినా కొన్ని వేల కణాలే. ఆ పనికి పెద్ద బయోరియాక్టర్లు వేరే ఉన్నాయి. ఏ మీడియం, ఏ వేగం, ఏ పూత కణాలకు పడుతుందో తక్కువ ఖర్చుతో, చేతి తేడా లేకుండా కనిపెట్టడానికే చిప్పు. ఫ్లాస్కుకు 5 మిల్లీలీటర్లు పోసే చోట ఒక్కో విడతకు 30 మైక్రోలీటర్లు. మీడియంలో కలిపే సీరం ధర తెలిసిన వాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇప్పుడు ఆగిన చోటు పాసేజ్. గది నిండాక కణాలను ఒలిచి, కొన్నింటిని తర్వాతి గదికి పంపడం కూడా యంత్రమే చేయాలి. ట్రిప్సిన్ పంపి, ఆగి, సీరం ఉన్న మీడియంతో ఆపి, వేగం పెంచి తోస్తే చాలా కణాలు వస్తాయి. కానీ గది నాలుగు మూలల్లో కొన్ని పట్టుకుని ఉండిపోతాయి. అవి ట్రిప్సిన్‌లో ఎక్కువసేపు నానినవి, వాటిని తర్వాతి తరంలో కలపకూడదు. వేగం మరీ పెంచితే కణాలు దెబ్బతింటాయి. అందుకే గది ఆకారం మార్చాం. చదరపు మూలలు తీసేసి, రెండు చివరలూ ఆకు కొసలా సన్నబడేలా గీశాం. కొత్త అచ్చు ప్రింటింగ్‌కు ఇచ్చాం. అది రాగానే రెండు గదులకు ట్రిప్సిన్, రెండు గదులకు ఈడీటీఏ (కాల్షియంను లాగేసి కణాల పట్టు వదిలించే రసాయనం) మాత్రమే ఇచ్చి, మూలల్లో ఎన్ని మిగులుతాయో కెమెరాతో లెక్కపెడతాం.